అలిగే కారుకు తువ్వాళ్ల టికెట్టు

మా సేటుది పెద్ద మనసని నమ్మిన మొదటి మూర్ఖుణ్ణి నేనే. నీలం నగర్‌లో మా ఇళ్ల వరుసకంతటికీ టీవీ ఆయన ఇంట్లోనే ఉండేది. ఆదివారం పొద్దున మాట్లాడే కారు సీరియల్ వచ్చేది. కసిరితే ఆ కారు అలిగి ఆగిపోయేది, పిల్లలు బతిమాలితే కదిలేది. సేటు తన మగ్గాల వాళ్లందరినీ పిలిచి కూర్చోబెట్టి, తలా ఒక తువ్వాళ్ల కట్ట ఒళ్లో పెట్టేవాడు.

"కండ్లు చూస్తయ్, చేతులు ఖాళీయే గదా. జరా కొసలు ముడెయ్యున్రి."

సెలవు రోజున, కూలి లేని పని. పైగా అందరికంటే వేగంగా ముడులు వేస్తున్నానని నేను పొంగిపోయేవాణ్ణి. కారుకున్న పాటి అలక కూడా మాకు రాలేదు.

ఒక వారం సీరియల్‌లో ఆ కారును పాత ఇనుముకు అమ్మబోతుంటే తలెత్తి చూశాను. కుర్చీలో కాళ్లూపుతున్న సేటు నా తువ్వాలు లాక్కుని, "ముడి తప్పింది, ఇప్పి మల్ల కట్టు" అన్నాడు. కట్టేసరికి ఆ వారం సీరియల్ అయిపోయింది. తువ్వాలు కొస చేతికొచ్చింది గాని కథ కొస రాలేదు. ఆ మంట నాకిప్పటికీ చల్లారలేదు.

ఆ మరుసటి వారం, సీరియల్ చివరి ఆదివారం, సేటు ఏదో పెళ్లికి పోయాడు. సేటమ్మ మా చేతులకు పని చెప్పకుండా టీవీ పెట్టింది. మరునాడు ఆయన తిన్నగా నా మగ్గం దగ్గరికే వచ్చాడు.

"ఏమాయెరా, కారును అమ్మిన్రా?"

"ఏమో సేట్, ముడి తప్పుతదని తలెత్తలే."

ఆయన పక్క మగ్గానికి పోయాడు, తర్వాత ఆ పక్కదానికి. అందరికీ ఆ జవాబు నేను పొద్దున్నే నేర్పి ఉంచాను.