రాతి ఏనుగు మెడ మీద బీట

పదవీ విరమణకు ఏడాది ముందు, జీడిపిక్కలు దిగే వేసవిలో, నన్ను టెక్కలిలోని ఒక చిన్న కళా మ్యూజియానికి క్యూరేటరుగా వేశారు. క్యూరేటరంటే వస్తువుల మంచిచెడ్డలకు పూచీపడే అధికారి. అంతకుముందు పనిచేసిన మ్యూజియాల్లోనూ ఆ పూచీ పేరుతో సర్వీసంతా పిల్లల్ని అదిలించడమే నా పనైంది. చివరికి నాకే సిగ్గేసి, చిన్నపిల్లలున్న కుటుంబాల కోసం ఆదివారాలు, వస్తువుల్ని చేత్తో ముట్టుకోనిచ్చే ఒక 'తాకే బల్ల' పెడతానని పైఅధికారిని అడిగాను. ఒక్క వస్తువు విరిగినా బల్ల ఎత్తేయాలన్న షరతు మీద ఆయన నెల రోజులు గడువిచ్చారు.

బల్ల మీదికి వచ్చే ప్రతి వస్తువుకూ స్థితి నివేదిక ఉండాలి. ఎక్కడ పెచ్చు లేచింది, ఎక్కడ బీట ఉంది అని పరీక్షించి సంతకం చేసే కాగితమది. రెండు గుప్పిళ్లంత రాతి ఏనుగును భూతద్దంతో చూసి, 'లోపం లేదు' అని నేనే రాశాను.

మూడో ఆదివారం పలాస నుంచి పార్వతి అనే ఆవిడ నాలుగేళ్ల కూతురితో వచ్చింది. జీడిపప్పు పొట్టు తీసే పని ఆమెది. చెప్పులు గుమ్మం బయటే వదిలి, పిల్ల చేతులు రెండూ బిగించి పట్టుకుని నిలబడింది.

"ముట్టుకుంటే కేకలెయ్యరు గదేటి బాబూ?" అంది.

వెయ్యనన్నాను. పిల్ల ఏనుగు కడుపు నిమిరి, "అమ్మా, సల్లగుంది, నువ్వూ సూడు" అంది. ఆమె మొహమాటపడుతూ వీపు మీదుగా బొటనవేలు పోనిచ్చింది. మెడ దగ్గర ఆగింది.

"ఇక్కడ బీటుంది బాబూ. ఎత్తితే బద్దలయిపోతాది." అన్న వెంటనే పిల్లను వెనక్కి లాక్కుంది. "మా పిల్ల ఏటీ సెయ్యలేదు బాబూ."

నాకేమీ కనబడలేదు. కిటికీలు మూయించి, టార్చిని రాతికి పక్కవాటుగా పట్టాను. ఏటవాలు వెలుగులో ఎంత చిన్న లోపమైనా నీడ వేస్తుంది. మెడ చుట్టూ వెంట్రుకంత గీత తేలింది. అందులో మట్టి పేరుకుని ఉంది, పాత బీటే. నా కళ్లకూ భూతద్దానికీ దొరకనిది, పప్పు నిండు గుండో విరిగిన బద్దో చూడకుండానే తేల్చే ఆ వేలికి ఒక్క తాకుడులో దొరికింది. ఆ రాయి పిల్ల చేతుల్లో విడిపోయి ఉంటే నా బల్ల పోయేది, ఆ తల్లి తప్పు తన పిల్లదేననుకునేది.

పొరపాటు నాదేనని నివేదికలో రాసి, 'కనుగొన్నవారు' అన్నచోట ఆమె పేరు వేసి పంపాను. పైఅధికారి ఒక పేజీ నిండా చీవాట్లు పెట్టి, చివరి వాక్యంలో బల్ల కొనసాగించమన్నారు. మరో ఆదివారం పార్వతి మళ్లీ వచ్చింది. ఈసారి పిల్ల చేతులు పట్టుకోలేదు.

అంతవరకూ వచ్చినవాళ్లకు చూడటం నేర్పడమే నా ఉద్యోగమనుకున్నాను. ఆ తర్వాత బల్ల దగ్గరికి వచ్చిన ప్రతి తల్లినీ తండ్రినీ నేను ముందుగా అడిగింది ఒక్కటే, మీరేం పని చేస్తారని.