ఆరింటి బువ్వ కోసం ఓడలో ధర్నా

2012వ సంవత్సరం, సింగపూర్ రేవు. ఇది ఒక మహాసంగ్రామ గాథ. ఇందులో సముద్రం ఉంది, మా జనగామ మొత్తంలో లేనన్ని అంతస్తులున్న ఓడ ఉంది, రెండు ప్రాంతాల జనం ఉన్నారు, ఉద్యమం ఉంది, కన్నీళ్ళు కూడా ఉన్నాయి. ఇలాగే నడిపించాలని చాలా కోరికగా ఉంది. కానీ నా నోటితో నేను ఎక్కువసేపు గొప్పలు చెప్పలేను. ఇది చిన్నపిల్లలకు రాత్రి అన్నం ఎన్నింటికి పెట్టాలన్న గొడవ. మొత్తం సంగ్రామంలో పాడైనది ఒక దుప్పటి. దాని మీద మామిడికాయ తొక్కు పడింది.

అప్పుడు నేను జనగామ బస్టాండు ఎదురుగా ఉన్న ఒక చిన్న ట్రావెల్స్‌లో పనిచేసేవాణ్ణి. తిరుపతి బస్సు, షిర్డీ బస్సు, జాతర వస్తే మేడారం బస్సు. అదీ మా ప్రపంచయాత్ర. ఎప్పుడైనా ఒకసారి మాత్రం మాకూ అదృష్టం పట్టేది. పురుగుమందుల కంపెనీలు తమ సరుకు బాగా అమ్మిన డీలర్లను కుటుంబాలతో సహా విదేశాలకు తిప్పుతాయి. దీన్ని మా వ్యాపారంలో ఇన్సెంటివ్ టూర్ అంటారు. పొలంలో పురుగు చస్తే డీలరు సింగపూర్ చూస్తాడు. చావకపోతే రైతు మళ్ళీ మందు కొంటాడు కాబట్టి అప్పుడూ చూస్తాడు. ఆ గుంపును వెంటబెట్టుకుని వెళ్ళి, ఎవరూ తప్పిపోకుండా తిరిగి తెచ్చేవాణ్ణి టూర్ మేనేజర్ అంటారు. సూట్‌కేసు తెరుచుకోకపోయినా, విమానంలో పప్పు చప్పగా ఉన్నా తిట్లు తినడం అతని ఉద్యోగం. ఆ ఉద్యోగం నాది.

మా బ్యాచ్‌లో జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వైపు డీలర్లు ఉన్నారు. అప్పటికింకా అంతా ఒకే జిల్లా. వీళ్ళలో సగం మంది అంతకు ముందు వారమే ప్రత్యేక రాష్ట్రం కోసం హైవే మీద వంటావార్పు చేసి వచ్చారు. రోడ్డు మీదే పొయ్యి పెట్టి, అక్కడే వండి, అక్కడే వడ్డించుకుని తింటూ లారీలను ఆపే పద్ధతి అది. భూపాలపల్లి సారన్న అయితే ఆ పొయ్యి దగ్గరి నుంచి నేరుగా విమానాశ్రయానికి వచ్చినట్టున్నాడు, చొక్కాకు ఇంకా పొగ వాసన. అదే కంపెనీ డెల్టా జిల్లాల డీలర్లను కూడా తెచ్చింది. వాళ్ళు వేరే విమానంలో వచ్చి ఓడ దగ్గర కలిశారు. ఒకరినొకరు చూసుకుని నవ్వారు. పిల్లలు విడాకులు తీసుకున్నాక వియ్యంకులు ఏదో పెళ్ళిలో ఎదురుపడ్డప్పుడు నవ్వే నవ్వు.

ఇక అసలు సంగతి. క్రూజ్ ఓడలో పెద్ద భోజనశాల ఒకటి ఉంటుంది. అందరికీ ఒకేసారి చోటు చాలదు కాబట్టి రెండు విడతలు. సాయంత్రం ఆరింటిది ఫస్ట్ సీటింగ్, ఎనిమిదిన్నరది సెకండ్ సీటింగ్. మన పెళ్ళిళ్ళలో మొదటి బంతి, రెండో బంతి లాంటిదే. కాకపోతే ఇక్కడ మీ కుర్చీ వెనక నిలబడి మీరు ఎప్పుడు లేస్తారా అని చూసేవాళ్ళుండరు. చిన్నపిల్లలున్న కుటుంబాలకు ఆరింటిది ఇవ్వాలన్నది మా పనిలో ఓనమాలు. హైదరాబాద్‌లోని కంపెనీ ఆఫీసుకు నేను అలాగే చెప్పి పంపాను. తీరా ఓడ ఎక్కాక గది తాళం కార్డులు ఇచ్చారు. భోజనం వేళ ఆ కార్డు మీదే అచ్చు వేసి ఉంటుంది. మా వాళ్ళందరికీ ఎనిమిదిన్నర. డెల్టా వాళ్ళందరికీ ఆరు.

కార్డు పట్టుకుని మొదట వచ్చింది సుగుణక్క. నర్సింహులపేట దగ్గరి తండా వాళ్ళది. భర్త లచ్చన్నకు మండలంలో ఎరువుల దుకాణం. చంకలో నాలుగేళ్ళ మున్ని.

"తమ్మీ, ఏంది గిది? ఎనిమిదిన్నరకా బువ్వ? పొద్దుగూకంగనే పండుకుంటది నా బిడ్డ. ఒక్కసారి కన్ను మూసిందంటే డప్పు కొట్టినా లేవది."

"ఏమన్నా కొంచెం తినబెట్టి పండబెడితే..." అన్నాను.

"టైఫాయిడ్ నుంచి లేచి నెల కాలే. బువ్వ తిన్నంకనే మందు వెయ్యాలె, ఖాళీ కడుపు మీద వేస్తే కక్కుతది. ఒక్క పూట గూడ తప్పొద్దని మానుకోట డాక్టరు ఒట్టు వెట్టించుకున్నట్టు చెప్పిండు. నేను రానంటే రాననే అన్న. ఈయననే ఓడ, ఓడ అని పానం తీసిండు."

"ఓడల అన్నం దొరుకదా అన్న నేను. తప్పేమున్నది?" అన్నాడు లచ్చన్న.

"దొరుకుతది. పిల్ల పండుకున్నంక దొరుకుతది."

ఇంతలో రఘునాథపల్లి పద్మక్క ఇద్దరు కొడుకులను చెరో చేత్తో ఈడ్చుకుంటూ వచ్చింది. వెనకే ఆమె భర్త. ఆమెదీ అదే కార్డు, అదే కోపం. అందరం కలిసి కంపెనీ తరఫున వచ్చిన ఆయన దగ్గరికి వెళ్ళాం. ఆయన్ని ఇక్కడ మేనేజర్ గారు అంటాను. పేరు రాస్తే ఆయన సంతోషపడే ప్రమాదం ఉంది.

విషయం చెప్పాను. మేనేజర్ గారు నా భుజం మీద చెయ్యి వేశారు.

"పిచ్చివాడా, అది పొరపాటు కాదయ్యా. నేనే మార్పించాను. మీవైపు వాళ్ళు సాయంత్రమైతే ఎలాగూ కూర్చుంటారు కదా," అని బొటనవేలు నోటి దగ్గర పెట్టి చూపించారు. "ఆరింటికే భోజనమంటే వాళ్ళే గోల చేస్తారు. లేటుగా పెట్టించినందుకు నన్ను మెచ్చుకోవాలి నువ్వు."

నేను మామూలుగా కోపం వచ్చినప్పుడు ఒక జోక్ వేసి బయటపడతాను. ఆ రోజు నోట జోక్ రాలేదు. ఒక మనిషి హైదరాబాద్‌లో ఏసీ గదిలో కూర్చుని, వరంగల్ జిల్లా మొత్తం సాయంత్రం గ్లాసు పట్టుకుంటుందని అనుకున్నాడు. అనుకుని, దాని ప్రకారం ఒక నాలుగేళ్ళ పిల్ల అన్నం తినే వేళ మార్చేశాడు. మా లచ్చన్నకు సోడా తాగితేనే తల తిరుగుతుంది. పద్మక్క భర్త మాల వేసుకుని ఉన్నాడు. నల్లబట్టలు, మెడలో మాల, ఎదురుగానే నిలబడ్డాడు. ఆయన్ని చూస్తూనే మేనేజర్ గారు ఆ బొటనవేలు ఊపారు.

పద్మక్క ముందుకొచ్చింది. "మా ఆయన తాగుతడో లేదో నాకెరుక. మా పోరగాళ్ళు ఎప్పుడు తింటరో గది గూడ నాకే ఎరుక. నువ్వెవరు సారూ నడుమ?"

"గట్లనా?" అన్నారు మేనేజర్ గారు, మా మాటను పెదవి వంకర చేసి పలికి, చుట్టూ చూసి నవ్వుతూ.

"గట్లనే," అంది పద్మక్క.

లిస్టు ఓడవాళ్ళకు వెళ్ళిపోయిందని, ఇక మార్చడం కుదరదని, రెండు రాత్రులు సర్దుకోవాలని చెప్పి ఆయన స్విమ్మింగ్ పూల్ వైపు వెళ్ళిపోయారు.

అప్పుడు సారన్న రంగంలోకి దిగాడు. ఆయనకు చిన్నపిల్లలు లేరు, సంబంధం లేదు, కానీ అన్యాయం జరిగితే ఆయనకు ఆకలి వేస్తుంది. "వంటావార్పు పెడ్దాం," అన్నాడు.

"అన్నా, ఓడల పొయ్యి ముట్టిస్తే మనల్ని సముద్రంల దింపుతరు."

"సరే, వంట వద్దు. ఒక్క వార్పు పెడ్దాం."

ఐదున్నరకు భోజనశాల తలుపు ముందు, చీలమండ లోతు మెత్తగా ఉన్న తివాచీ మీద, సుగుణక్క తన దుప్పటి పరిచింది. సంచుల్లోంచి అటుకులు, సకినాలు, మామిడికాయ తొక్కు బయటికొచ్చాయి. పిల్లలను మధ్యలో కూర్చోబెట్టి చుట్టూ పెద్దలు కూర్చున్నారు. సారన్న పిడికిలెత్తి జై కొట్టాడు. తివాచీ ఆ శబ్దాన్ని మింగేసింది. హైవే మీద లారీలు ఆగితే వచ్చే తృప్తి ఇక్కడ లేదు. అడ్డం వచ్చిన తెల్లవాళ్ళు సారీ చెప్పి పక్కనుంచి పోతున్నారు.

కాసేపటికి ఓడ సిబ్బందిలో ఒక ఫిలిప్పీన్స్ అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. ఇక సెక్యూరిటీ వస్తుందని నేను లేచి నిలబడ్డాను. ఆమె దుప్పటిని చూసింది, పిల్లలను చూసింది, సారన్న పిడికిలిని చూసింది. "ఎవరి పుట్టినరోజు?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా వెళ్ళి బెలూన్లు తెచ్చింది. మా ధర్నా అలా చప్పట్లతో, పుట్టినరోజు పాటతో ముందుకు సాగింది. సారన్న చేతిలో గులాబీ రంగు బెలూన్ పెట్టారు. ఆయన దాన్ని జెండాలాగే పట్టుకున్నాడు.

అంతలో ఆరింటి భోజనానికి డెల్టా వాళ్ళు వచ్చారు. తోవ లేదు. టీవీల్లో రోజూ చూసే చర్చ ఇప్పుడు ప్రత్యక్షంగా మొదలవుతుందనుకున్నాను. వాళ్ళలో పెద్దావిడ ఒకరు, జరీ అంచు చీర, చేతిలో మాత్రల డబ్బా. అందరూ మామ్మగారు అంటున్నారు. దుప్పటి దగ్గర వంగి చూశారు.

"ఏంటమ్మా ఇది? పిల్లల్ని కింద కూర్చోబెట్టారెందుకు?"

సుగుణక్క చెప్పింది. చెబుతూ చెబుతూ టైఫాయిడ్ దగ్గరికి వచ్చేసరికి మున్నిని ఒళ్ళోకి లాక్కుని కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

మామ్మగారు వెనక్కి తిరిగారు. "మనకి ఆరు కావాలని ఎవరు అడిగారర్రా?"

ఎవరూ అడగలేదట. వాళ్ళ పిల్లలంతా కాలేజీ పిల్లలు. "సాయంత్రం ఆరింటికి అన్నం తినమంటే ఆసుపత్రిలో చేర్చినట్టుంది నాకు. పట్టుకోండమ్మా మా కార్డులు, మీవి మాకిచ్చేయండి," అన్నారావిడ. ఆ బెలూన్ల అమ్మాయే లోపలికి వెళ్ళి తన పెద్ద వెయిటర్‌తో ఒక మాట చెప్పింది. టేబుళ్ళు మారిపోయాయి. కుదరనే కుదరదన్న పని అది.

సారన్న ముఖం చూడాలి. "గింతేనా?" అన్నాడు. తిట్టడానికి దాచుకున్న మాటలన్నీ మిగిలిపోయినవాడి బాధ అది.

నాకు అసలు కోపం అప్పుడు వచ్చింది. మా వాళ్ళను తాగుబోతులన్నాడు, సరే. డెల్టా వైపు తన వాళ్ళనైనా అడిగాడా అంటే అదీ లేదు. ఇటు తల్లులను అడగలేదు, అటు మామ్మలను అడగలేదు. ఇద్దరికీ పనికిరాని భోజనం రెండు వైపులా పంచి, మధ్యలో తను మెప్పు కోరాడు. ఇలాంటివాళ్ళ చేతిలోనే ఎందుకుంటాయో జనం తినే వేళలు, పడుకునే వేళలు, బస్సు ఎక్కే వేళలు!

సరే, గెలిచాం. గెలిచినవాళ్ళలాగే తెల్లగుడ్డ పరిచిన టేబుల్ దగ్గర కూర్చున్నాం. అన్నం వచ్చింది, పప్పు వచ్చింది, పెరుగు అడిగితే అదీ తెచ్చారు. సుగుణక్క ముద్ద కలిపి మున్ని నోటి దగ్గర పెట్టింది. మున్ని తల అటు తిప్పింది. అటు పెడితే ఇటు తిప్పింది. పద్మక్క కొడుకులు టేబుల్ కిందికి దూరి చెంచాలతో కత్తియుద్ధం మొదలుపెట్టారు. ఒక్క పిల్లా ఒక్క మెతుకు ముట్టలేదు.

"దిష్టి తాకింది," అంది పద్మక్క. "కారం లేదు, ఎట్ల తింటరు?" అన్నాడు సారన్న. "ఓడ ఊగుతున్నది," అన్నాడు లచ్చన్న. ఓడ ఇంకా రేవులోనే ఉంది. పక్క టేబుల్ దగ్గరికి వచ్చిన మేనేజర్ గారు ఖాళీ కాని కంచాలను చూసి, "చెప్పాను కదా," అని ఒక్క మాట అన్నారు. ఆ రోజు నేను ఆయన మీద పెరుగు గిన్నె ఒంపకపోవడం ఈ వృత్తిలో నేను సాధించిన అతి పెద్ద విజయం.

సుగుణక్క మందు సీసా చేతిలో పట్టుకుని కూర్చుంది. కడుపులో ఏమీ లేకుండా వెయ్యలేదు, వెయ్యకుండా ఉండలేదు. చివరికి మమ్మల్ని లేపేశారు, టేబుళ్ళు తుడవాలి. పిల్ల ఇక పడుకుంటుందని, పూట తప్పినట్టేనని నాతో అని, ఆమె దారంతా తండా భాషలో తనలో తాను గొణుక్కుంది. భాష నాకు రాదు గానీ, తిట్లలో నా పేరు లేనందుకు సంతోషించాను.

మున్ని పడుకోలేదు. వరండాలో బెలూన్ వెంట పరుగెత్తింది. ఎనిమిదిన్నరకు మామ్మగారి గుంపు భోజనానికి వెళ్తుంటే వచ్చి తల్లి కొంగు పట్టుకుని, "అమ్మా, ఆకలి," అంది. పద్మక్క కొడుకులు అప్పటికే తలుపు దగ్గర ఉన్నారు. మామ్మగారు పిల్లలను తన టేబుల్ దగ్గరే కూర్చోబెట్టుకున్నారు. మున్ని పెరుగన్నం మొత్తం తిని, ఇంకొంచెం పెట్టించుకుని, మందు తాగి, మూతి తుడిపించుకుని, అప్పుడు ఆవలించింది. సుగుణక్క సీసా మూత బిగించి చాలాసేపు నవ్వింది.

ఆ టూర్ నాకు నేర్పింది ఒకటే. పిల్లల భోజనం వేళ రాసే ముందు వాళ్ళకు తినిపించే మనిషికి ఫోన్ చెయ్యాలి. కంపెనీకి కాదు, భర్తకు కాదు. ఇప్పటికీ బుకింగ్ తీసుకునేటప్పుడు నేనే చేస్తాను, ఎవరు ఎన్ని చెప్పినా. మేనేజర్ గారి మీద నా కోపం కూడా ఇప్పటికీ అలాగే ఉంది, ఇంకా పెరిగింది కూడా. ఎందుకంటే మరునాడు పొద్దున ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ నిద్ర కళ్ళతో ఎత్తి తిట్టింది. సింగపూర్ గడియారం మన గడియారం కంటే రెండున్నర గంటలు ముందుంటుంది. అక్కడ సాయంత్రం ఆరంటే నర్సింహులపేటలో మధ్యాహ్నం మూడున్నర, ఆయన పెట్టించిన ఎనిమిదిన్నరంటే సరిగ్గా ఆరు.