రిజిస్టరులో ఎక్కని రెండు స్లైడులు

ఆ మధ్యాహ్నం బందరులోని ల్యాబులో ఉన్నవి: మైక్రోస్కోపు ఒకటి, స్టూళ్ళు మూడు, పెళ్ళిచీరల సంచి, గాజు స్లైడులు రెండు. ఉన్నవాళ్ళు: నేను, అక్క, ఆమెను చేసుకోబోతున్న మా మేనమామ. ఏడేళ్ళుగా ఈ జాబితాను మోస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు. మీకు చెప్తున్నాను.

నేనప్పుడు ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా చదువుతూ అక్కడ పని నేర్చుకుంటున్నాను. వాళ్ళు దివిసీమ నుంచి చీరలు కొనడానికి వచ్చి, నన్ను చూసిపోదామని ఆగారు. ల్యాబు డాక్టరుగారు భోజనానికి వెళ్ళారు. కొత్తగా నేర్చుకున్న, సికిల్ సెల్ అనే రక్తపు జబ్బును కనిపెట్టే పరీక్ష చేసి చూపించాలని నాకు ఉబలాటం. వేలి చివర నుంచి చుక్క రక్తం, అందులో చుక్క మందు, పైన పల్చటి గాజుపలక. ఆ తర్వాత గంట ఆగడం.

"ముందు మీ అక్కది చూడరా. రక్తముందో, చేపల పులుసే ఉందో తేలిపోద్ది," అన్నాడు మావయ్య.

ఇద్దరివీ చూశాను. గుండ్రంగా ఉండాల్సిన కణాలు కొన్ని కొడవళ్ళలా వంగి ఉన్నాయి. ఇద్దరిలోనూ. వాళ్ళకి జబ్బు లేదు, పిల్లలకి అందించే గుణం ఉంది. అలాంటి ఇద్దరికి పుట్టే ప్రతి బిడ్డకీ జబ్బు వచ్చే అవకాశం నాలుగో వంతు. ఆ జవాబు డిప్లొమా పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి.

"ఏం తేలిందిరా?" అంది అక్క.

"బానే ఉందక్కా."

"మేనమామ రక్తంరా. బాగుండక ఏమవుద్ది?" మావయ్య నవ్వాడు.

స్లైడులు కడిగేశాను. రిజిస్టరులో రాయలేదు. ఎందుకు? పెళ్ళికి పన్నెండు రోజులే ఉన్నాయనా, లేక మా ఇంటి రక్తంలో దోషముందని ఊళ్ళో అనుకుంటే రేపు నాకు పిల్లనెవరిస్తారనా? రెండోదే నిజం. నాలుగులో మూడు వంతులు మంచివే కదా అనుకున్నాను. ఆ మూడు వంతుల వెనక దాక్కున్నాను.

పెళ్ళయిన రెండో ఏడు పుట్టిన పాపకి తొమ్మిదో నెలలో చేతులూ కాళ్ళూ వాచాయి. వాతమన్నారు, నూనె రాశారు. అక్క ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసింది. వెనక పిల్ల ఏడుపు. అది ఆ జబ్బేనని నాకు తెలుసు. గుడివాడలో పిల్లల డాక్టరుకి చూపించమన్నానే గాని, ఏ పరీక్ష అడగాలో చెప్పలేదు. చెప్తే నీకెలా తెలుసంటుంది కదా. జబ్బు పేరు తేలడానికి ఇంకో ఐదు నెలలు పట్టింది. ఆ ఐదు నెలలూ పిల్ల నొప్పితోనే ఉంది.

జబ్బు పేరు తేలిన ఆసుపత్రిలోనే అక్కకి అదే జబ్బున్న పిల్లాడి తల్లి ఒకామె కలిసింది. ఒకరి బిడ్డ మంచం మీదుంటే మరొకరు అన్నం క్యారేజీ పట్టుకెళ్తారు. ఇద్దరూ కలిసి సముద్రం ఒడ్డు ఊళ్ళు తిరుగుతారు. పిల్లలకి నీళ్ళు బాగా తాగించమని, జ్వరమొస్తే ఆలస్యం చేయొద్దని, మేనరికం ఖాయం చేసుకునే ముందు ఇద్దరికీ పరీక్ష చేయించమని చెప్తారు. ఆ పరీక్ష చేసేది నేనే. నేను వేళ్ళు పొడుస్తుంటే అక్క పక్కన నిలబడి ప్రతి ఊళ్ళోనూ అదే మాట అంటుంది.

"మాకు ముందు చెప్పేవాళ్ళు లేరమ్మా."

నేను తల వంచుకుని స్లైడు చూస్తాను.

ఇక్కడ రాస్తే అక్కకి చెప్పినట్టు కాదు. అది తెలుసు. కానీ ఆ ఫలితం మొదటిసారి నా చేతిరాతలో ఉంది. ఊపిరి కొంచెం ఆడుతోంది.

పాపకి ఇప్పుడు ఐదేళ్ళు. ఊళ్ళలో పరీక్ష చేసినవాళ్ళ రిజిస్టరులో నూట ఎనభై ఆరు పేర్లున్నాయి. ఎక్కనివి రెండు. మొత్తం నూట ఎనభై ఎనిమిది.