టైపు మాస్టారి ఇటుక

టైపు ఇన్‌స్టిట్యూట్ మూతపడ్డాక దాని మాస్టారికి చేతినిండా తీరిక, నోటినిండా పర్యావరణం మిగిలాయి. చెత్తబుట్టలో పాలప్యాకెట్టు కనిపిస్తే చాలు, భూగోళం ఏమైపోతోందో భార్యకి అరగంట క్లాసు పీకేవారు.

"కడిగి ఆరబెడితే పాతసామాన్ల కొట్టతను తీసుకుంటాడు కదండీ, దానికింత రాద్ధాంతం దేనికి?" అందావిడ ఒకరోజు.

"అందరూ చేసేదే మనమూ చేస్తే ఇక మనకి బుర్రెందుకే?" అన్నారాయన.

ఆ బుర్రకి ఫోనులో ఒక వీడియో తగిలింది. ప్లాస్టిక్ కరిగించి ఇంట్లోనే ఇటుకలు పోసుకోవచ్చట, పైసా ఖర్చు లేకుండా. చివర్లో చెప్పిన జాగ్రత్తలు మాస్టారు చూడలేదు. దేన్నయినా సగం చూస్తే మిగతాది తనకి ముందే తెలుసని ఆయన నమ్మకం.

ఆదివారం పొద్దున్నే మేడమీద గ్యాసుపొయ్యి వెలిగింది. భార్య కొత్త మూకుడులో కవర్లు, షాంపూ సీసాలు, విరిగిన బకెట్టు, అవి చాలవన్నట్టు పాత నీళ్లగొట్టం ముక్కలు కూడా పడ్డాయి.

"ఏది ఏ రకమో చూసుకోవద్దూ?" అందావిడ.

"కరిగితే అన్నీ ఒకటేనే!"

కాసేపటికి నల్లటి పొగ మెట్లు దిగి ఇంటింటికీ వెళ్లింది. పక్కవాటా బాలింత బిడ్డనెత్తుకుని వీధిలోకి పరుగెత్తింది. కిందివాటా తాతగారు దగ్గలేక కుర్చీలో కూలబడ్డారు. మాస్టారు మండిపోతున్న కళ్లని చొక్కాతో ఒత్తుకుంటూ, "కాస్త ఓర్చుకోండి, భూమి కోసం!" అని పిట్టగోడమీంచి కేకేశారు. భార్యే వచ్చి గ్యాసు కట్టేసి, మూకుడుమీద పళ్లెం బోర్లించి, ఆయన్ని జబ్బ పట్టుకుని కిందికి లాక్కెళ్లింది.

సాయంత్రానికి ఇటుక తయారైంది. కాకపోతే మూకుడు ఆకారంలో, మూకుడుతో సహా.

ఆవిడ సంచీ సర్దుకుని అక్కగారింటికి వెళ్లిపోయింది. మాస్టారు ఫోన్ చేశారు.

"నా తప్పేముందే? కంపెనీలు అలాంటి సరుకు చేస్తుంటే!"

"నా మూకుడు మాడ్చింది కూడా కంపెనీలేనా?" అని ఆవిడ ఫోన్ పెట్టేసింది.

కొన్నాళ్లు సొంతవంట తిన్నాక మాస్టారు దారికొచ్చారు. ముందు బాలింతనీ, తర్వాత తాతగారినీ క్షమించమని అడిగారు. తాతగారు తనివితీరా దగ్గి చూపించి మరీ క్షమించారు. ఆ కబురు విన్నాకే భార్య తిరిగొచ్చింది.

ఇప్పుడు ప్యాకెట్లు కడిగి తీగమీద ఆరేసేది మాస్టారే. ఆరాక కొట్టతను మూటకట్టి పట్టుకుపోతాడు. ఎవరైనా ఆగి చూస్తే, "దీన్ని ప్రాథమిక శుద్ధి అంటారు. ఎన్నో ప్రయోగాల మీద తేల్చాను," అంటారాయన.

"క్లిప్పులు గట్టిగా పెట్టండి, ఎగిరిపోతున్నాయ్," అంటుంది లోపల్నించి భార్య.