మా డ్రాయింగ్ సార్ కలిపిన ముఖపు రంగు

మా డ్రాయింగ్ సార్ పోయారు. పోయిన మంగళవారం పొద్దున, బడిలో ప్రార్థన అయిపోయి పిల్లలు క్లాసుల్లోకి వెళ్తుండగా ఆయన భార్య ఫోన్ చేశారు. ఆమెను నేను చిన్నప్పటి నుంచీ ఆంటీ అనే పిలుస్తాను. "బిడ్డా, సార్ ఇగ లేడు" అని ఒక్క మాట చెప్పి, ఫోన్ పెట్టేయకుండా అట్లాగే ఉండిపోయారు. అవతల ఎవరో కుర్చీలు జరుపుతున్న చప్పుడు వినిపించింది. నేను పనిచేసే స్టేషన్ ఘన్‌పూర్ నుంచి హనుమకొండ చేరేసరికి మధ్యాహ్నమైంది. వాకిట్లో పది పన్నెండు మంది కన్నా లేరు.

బడిలో సార్‌కు పెద్ద గౌరవమేమీ ఉండేది కాదు. పరీక్షలు దగ్గర పడితే డ్రాయింగ్ పీరియడ్‌ను లెక్కల సార్ తీసేసుకునేవాడు. ఆయన అసలు పని ఇంట్లో ఉండేది. తేలికైన పొణికి కర్రతో వేలెడంత మనుషులను చెక్కి రంగులు వేసేవారు. తమలపాకులు అమ్మే ముసలమ్మ, టికెట్లు కొట్టే కండక్టర్, పత్తి ఏరుతూ నడుము పట్టుకున్న ఆడమనిషి. దేవుళ్లను చెయ్యరేమని ఎవరో అడిగితే, "దేవుండ్లను చేసేటోళ్లు మస్తుమంది ఉన్నరు. ఈ ముసలమ్మను ఎవరు చేస్తరు?" అన్నారు. తొమ్మిదో తరగతిలో ఉండగా నేర్పమని అడిగాను. ఆదివారాలు రమ్మన్నారు. పెళ్లయ్యాక కూడా ఆ ఆదివారాలు పూర్తిగా మానలేదు.

రంగులు కొనడానికి వరంగల్ చౌరస్తా దాకా తీసుకుపోయేవారు. సీసా మీది పేరును నమ్మేవారు కాదు. మూత తీయించి, చుక్కంత బొటనవేలి గోటి మీద రాసుకుని ఎండలోకి వెళ్లి చూసేవారు. దుకాణదారుకు చిరాకు. "సారూ, ఎరుపు ఎక్కడున్నా ఎరుపే గద!" అనేవాడు. సార్ నాలుగు ఎరుపులు చూసి ఒక్కటి కొనేవారు, ఒక్కోసారి అదీ కొనేవారు కాదు.

"బొమ్మ చిన్నగైతే రంగు చిక్కగ కనవడ్తది. నువ్వు చూసినదానికంటే ఒక మెట్టు లేతగ కలుపు" అని చెప్పేవారు. జుట్టుకు ఉత్త నలుపు పెట్టనిచ్చేవారు కాదు, నీలంలో గోధుమరంగు కలిపించేవారు. ఒకసారి తొందరపడి ముసలమ్మ ముఖానికి మందంగా పూశాను. బొమ్మను చేతిలోంచి లాక్కున్నారు. "రెండు పలుచటి పూతలు పెట్టు. గింత మందంగ పెడితే మొఖాన్ని మింగేస్తది" అన్నారు. ఆ రోజు మళ్లీ బ్రష్షు పట్టనివ్వలేదు.

రిటైరైన కొన్నేళ్లకు ఆయన బొమ్మల ముఖాలు మారడం మొదలైంది. చామనఛాయలోని వెచ్చదనం పోయి బూడిద పూసినట్టు, నీలం దిగినట్టు అయ్యాయి. "ఈ పసుపు ఎన్కటి పసుపు కాదు. కంపెనీలు పాడైనయి" అని విసుక్కుంటూ నీలం ఇంకొంచెం కలిపేవారు. ఒకసారి ధైర్యం చేసి, "సార్, మొఖం జర పాలిపోయినట్టున్నది" అన్నాను. తలెత్తి చూశారు. "చూసుడు నీకెవరు నేర్పిండ్రు?" అన్నారు. నేను మళ్లీ ఆ మాట ఎత్తలేదు. గౌరవం అనుకున్నాను. ఇప్పుడైతే పిరికితనం అంటాను.

ఆ రోజుల్లోనే హసన్‌పర్తి నుంచి ఒక తల్లి వచ్చింది. ఏడేళ్ల బిడ్డ జ్వరంతో చనిపోయిందట. ఫోటో చేతిలో పెట్టి, "పిడికిట్ల పట్టేటంత చేసియ్యి సారూ" అంది. సార్ నెల రోజులు ఇంకో పని ముట్టలేదు. గౌను రంగు కోసం ఆమెను రెండుసార్లు పిలిపించి, గోటి మీద రాసి చూపించారు. గౌను అచ్చంగా కుదిరింది. ముఖం మాత్రం శవం ముఖంలా వచ్చింది. బొమ్మను తీసుకునేటప్పుడు ఆ తల్లి దానివైపు చాలాసేపు చూసి, కొంగులో చుట్టుకుని మాట్లాడకుండా వెళ్లిపోయింది. పక్కనే ఉన్న నేనూ మాట్లాడలేదు.

ఏడాది తర్వాత దవాఖానలో రెండు కళ్లకూ శుక్లాలు తీశారు. ఇన్నాళ్లూ పసుపు అద్దంలోంచి లోకాన్ని చూసినట్టేనని, అందుకే ప్రతిదాంట్లో నీలం ఎక్కువ కలిపారని డాక్టర్ చెప్పాడట. కట్లు విప్పాక ఇంటికి వచ్చి సార్ అలమారా తెరిచారు. నేను అక్కడే ఉన్నాను. ఒక్కొక్క బొమ్మనూ కిటికీ దగ్గరికి తెచ్చి చూస్తూ పోయారు. చివరికి కింద కూర్చున్నారు. "ఆ బిడ్డ మొఖం గూడ గిట్లనేనా?" అని అడిగారు. నేను తలవంచుకున్నాను.

మర్నాడే నన్ను వెంటబెట్టుకుని, రంగుల పెట్టె పట్టుకుని హసన్‌పర్తి బస్సెక్కారు. ఆ తల్లి ఇంటి ముందు పల్లికాయ వొలుస్తోంది. సార్ నిలబడే చెప్పారు. "అమ్మా, నా కండ్లు మంచిగలేకుండె. బిడ్డ మొఖం చెడగొట్టిన. ఒక్కసారి ఇయ్యి, సక్కగ చేసిస్త."

ఆమె లోపలికి వెళ్లి బొమ్మను తెచ్చింది కానీ చేతికివ్వలేదు. "చెడిపోలే సారూ. దవాఖానల ఆఖరి దినాలు బిడ్డ గిట్లనే ఉండె. ఆ ఫోటోల మొఖం నాకు యాదికే వస్తలేదు. మీకెట్ల తెల్సిందో అనుకున్న. మార్చకుండ్రి" అంది.

సార్ చేతులు జోడించారు. పెట్టె తెరవకుండానే వెనక్కి తిరిగారు. బస్సు ఊరు దాటాక, నావైపు చూడకుండా అన్నారు.

"ఆమెకు ఏది సరైందో ఆమెకు ఎరుక. నాకు కండ్లు లేకుండె. నీకు ఉండె గద బిడ్డా. నువ్వెందుకు చెప్పలే?"

ఆయన మళ్లీ అడగలేదు, కోపం కూడా పెట్టుకోలేదు. తర్వాతి ఆదివారం మామూలుగానే రమ్మన్నారు. అలమారాలోని బొమ్మల ముఖాలన్నీ చాకుతో గీకి, మళ్లీ మొదటి నుంచి వేయడం మొదలుపెట్టారు. అప్పటికి చెయ్యి వణకడం వచ్చేసింది. చాలా బొమ్మలు ముఖాల్లేకుండానే మిగిలిపోయాయి.

ఆయన్ను చివరిసారి నేను చూసింది పోవడానికి రెండు వారాల ముందు. మంచం కిటికీ పక్కకు జరిపించుకున్నారు. గాజులమ్మే మనిషి బొమ్మ చేతిలో ఉంది. ముఖం పూర్తి చేయడానికి మూడు రోజులు పట్టిందని ఆంటీ గుసగుసగా చెప్పారు. బాగుందని చెప్పమన్నట్టు నా చెయ్యి నొక్కారు. సార్ బొమ్మను వెలుగులోకి పట్టి, "చెప్పు, ఎట్లుంది?" అన్నారు.

ఆ మూడు రోజులూ నా కళ్ల ముందు మెదిలాయి. "బాగలేదు సార్. చెంపల మీద మురికిగున్నది. పసుపు ఎక్కువైంది" అన్నాను.

ఆంటీ ముఖం తిప్పుకున్నారు. సార్ మాత్రం తలూపారు. "ఔ. నాకూ గట్లనే అనిపిచ్చింది" అన్నారు. తడి గుడ్డ అడిగి తీసుకుని, వణికే వేళ్లతోనే ఆ ముఖాన్ని తుడిచారు. రంగు ఇంకా పూర్తిగా ఆరలేదు, తేలిగ్గానే వచ్చేసింది. "రేపు మళ్ల పెడ్త" అంటూ బొమ్మను కిటికీ గట్టు మీద నిలబెట్టి కళ్లు మూసుకున్నారు.

నేను అక్కడే కూర్చున్నాను. రంగురంగుల గాజులు రెండు చేతులా పట్టుకుని నిలబడ్డ ఆ మనిషి ముఖం మీద, ఎండకు, తడిసిన కర్ర అంచుల నుంచి లోపలికి నెమ్మదిగా ఆరుతూ పోయింది.