చెవి కోసిన మేకపోతు

నాకు నోరెక్కువ. చోడవరంలో మా వీధిలో ఎవర్నడిగినా చెప్తారు. అవసరమైన చోట ఆ నోరు పెగల్లేదు కాబట్టే ఆ బక్రీద్‌కి నా ప్రాణం తోకకొచ్చింది. మేకపోతుని పెంపకానికి ఇచ్చిన రోజున ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోను, "మామ్మా, దీని చెవి జోలికి పోకు" అని.

ఆ ఏడు అమ్మా నాన్నా ఇద్దరూ హజ్‌కి వెళ్లాలి. డబ్బు కూడా కట్టేసేరు. ఇంతలో నాన్నకి గుండె ఆపరేషన్ పడింది, డాక్టర్లు ప్రయాణం వద్దన్నారు. అమ్మ మా మేనమామతో వెళ్లింది. నాన్న ఉండిపోయేడు. "అక్కడ మినాలో మీ అమ్మ పేర కుర్బానీ అయ్యే రోజుల్లోనే ఇక్కడ నా చేత్తో నేనొకటి ఇస్తానమ్మా. పై ఏటికి ఉంటానో లేదో" అన్నాడు. ఇంక ఆ మనిషికి వేరే ధ్యాస లేదు. నెలవంక కనపడిన నాటి నుంచి గోళ్లు తియ్యలేదు, గెడ్డం దిద్దుకోలేదు. కుర్బానీ అంటే పండక్కి జంతువుని బలివ్వడం, ఇచ్చేవాళ్లు అది అయ్యేదాకా అలాగే ఉంటారు.

పోతుని నేనే కొన్నాను, వడ్డాది సంతలో, నాన్న తలగడ కింద దాచుకున్న డబ్బుతో, ఆయన పేరు మీదే. ఏడాది నిండాలి. కుంటిదీ గుడ్డిదీ కాకూడదు. కొమ్ము మొదలంటా విరిగి ఉండకూడదు. చెవి మూడో వంతు కంటే ఎక్కువ పోయి ఉండకూడదు. ఈ రూల్సన్నీ చిన్నప్పట్నుంచీ నాన్న చెప్తే విన్నవే. అన్నీ చూసే కొన్నాను. ఇంటి దగ్గర చోటు లేక, కె.కోటపాడు వైపు ఓ ఊర్లో మేకలు కాసే ఒక ముసలామెకి పెంచమని ఇచ్చేను. మామ్మా అని పిలిచేదాన్ని ఆవిణ్ని.

పండక్కి రెండ్రోజుల ముందు ఆటో మాట్లాడుకుని వెళ్లేను. మామ్మ పోతుని శుభ్రంగా కడిగి, చెరుకు కొట్టేసిన చేలో కట్టి ఉంచింది. చూద్దును కదా, కుడి చెవికి కొస లేదు.

"ఏటి మామ్మా ఇది?"

"నీ పోతు నిగనిగలాడతంది కదమ్మా. మందలో ఎవుడైనా మార్చేస్తే నీకేటి సమాదానం సెప్పను? అందుకే మా ఇంటి గురుతు ఎట్టేసేను. సూడు, పుండు కూడా మానిపోయింది."

అప్పుడు చూసేను చుట్టూ ఉన్న మేకల్ని. ఆ ఊర్లో ఒక్కో ఇంటి మందకీ ఒక్కో రకం చెవి కోత. మామ్మ ఇంటిది పెద్ద కోత. ప్రేమ కొద్దీ చేసింది, ఎలా తిట్టను?

కుట్టుపని నాది, మెళ్లో టేపు ఎప్పుడూ ఉంటుంది. కొలిచేను. ఎడమ చెవి ఆరంగుళాలు. కుడిది మూడున్నర. రెండంగుళాల దాకా పోయినా పర్వాలేకపోను. అరంగుళం ఎక్కువ పోయింది. ఆ అరంగుళానికి చేలో కూలబడి ఏడిచేను.

"ఏడవకే గుంటా, నా మందలో నీకు నచ్చింది పట్టుకుపో" అంది మామ్మ. ఏది పట్టుకుపోను? అన్నిటికీ చెవి కోసే ఉంది కదా. అదే ఆటోలో వడ్డాది వెళ్లేను. నా చేతిలో ఉన్న డబ్బుకి ఏడాది నిండని పాలపళ్ల పిల్లలు తప్ప రావన్నారు. అవి కుర్బానీకి పనికిరావు. ఇంక దారి లేక పోతుతో సహా తిరిగొచ్చి మసీదు ఇమాం గారి గుమ్మం ముందు నిలబడ్డాను.

ఆయన అంతా విని ఒకటే అడిగేరు. "కుర్బానీ తప్పనిసరిగా ఇవ్వాల్సినంత ఆస్తి మీ నాన్నగారికి ఉందా? ఉంటే ఇంకో జంతువుని తేవాలి. అంత ఆస్తి లేకపోతే, కొన్నప్పుడు బాగానే ఉంది కాబట్టి, లేనివాడికి ఇదే చెల్లుతుంది."

"లేదండీ" అన్నాను.

హమ్మయ్య అనుకున్నాను. వీధి మలుపు తిరిగేదాకానే ఆ సంతోషం. నాన్న దృష్టిలో ఆయన లేనివాడు కాదు. తన వంతు హజ్ డబ్బు వెనక్కొచ్చి బ్యాంకులో ఉందనుకుంటున్నాడు. అది ఆపరేషన్‌కే అయిపోయింది. ఆయన కుమిలిపోతాడని, ఆసుపత్రి ఖర్చంతా గవర్నమెంటు ఇచ్చిన కార్డు మీద ఉచితంగా అయిపోయిందని చెప్పేం, అమ్మా నేనూ కలిసి.

నాన్న వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. పోతు పళ్లు చూసేడు, కాళ్లు తడిమేడు. చెయ్యి చెవి దగ్గరకి వెళ్లకముందే గబగబా చెప్పేసేను. "మామ్మ తెలీక గుర్తు పెట్టింది నాన్నా. ఇమాం గారు చెల్లుతుందన్నారు."

ఆ రూల్సు నాకు నేర్పింది ఎవరో ఆ క్షణాన మర్చిపోయేను.

నాన్న ఆ చెవిని చాలాసేపు పట్టుకునే ఉన్నాడు. "నాకు చెల్లదమ్మా. లేనోడికే చెల్లుద్ది" అన్నాడు. నేను పోతు తాడు విప్పి మళ్లీ కట్టేను.

"ఇమాం గారు చెల్లుతుందన్నారంటే, కార్డు మీద అవలేదన్నమాట."

"అవలేదు నాన్నా."

"అంతా పోయిందా?"

"అంతా."

అరుస్తాడనుకున్నాను. అరిచినా బాగుణ్ను. గోళ్లు పెరిగిన ఆ చేత్తోనే పోతు వీపు నిమిరి, "నీళ్లు పెట్టు దీనికి" అన్నాడు.

పండగ నాడు నమాజయ్యాక, కసాయి మనిషి సాయం పడితే, బిస్మిల్లా చెప్పి నాన్నే కత్తి వేసేడు. మధ్యాహ్నం అమ్మ ఫోన్ చేసింది. అక్కడ పండగ ఒక రోజు ముందు. తన పేర కుర్బానీ నిన్ననే అయిపోయిందని చెప్పి, "అక్కడ ఎలా జరిగింది?" అనడిగింది.

"చెల్లిపోయింది" అన్నాడు నాన్న.

మాంసం మూడు భాగాలు చేసేం. ఒకటి ఇంటికి, ఒకటి చుట్టాలకి, మూడోది పేదలకి. ఏటా ఆ మూడో భాగం మాత్రం నాన్న ఎవరి చేతికీ ఇవ్వడు, సంచిలో వేసుకుని తనే ఇల్లిల్లూ తిరిగి ఇచ్చొస్తాడు. అలవాటు కొద్దీ సంచి తెచ్చి పక్కన పెట్టేను. ఆయన సంచి వైపు చూసేడు, మాంసం వైపు చూసేడు.

"ఈ ఏడు అది కూడా లోపల పెట్టమ్మా. అది మనదే" అన్నాడు.

గొంతులో కోపం లేదు. సంచి మడిచేసేను. మూడో భాగం కూడా వంటింట్లోకి పట్టుకెళ్లేను.