మెడ దగ్గరి చెయ్యి

వనపర్తిలో మా మేడమీది గదిలో అద్దెకుండిన ఆ సాఫ్ట్‌వేర్ యువకుణ్ణి తలచుకుంటే, మెడను తడుముకునే అతని చెయ్యే మొదట గుర్తుకు వస్తుంది. హైదరాబాదు కంపెనీలో దీర్ఘకాలపు సెలవు పెట్టి, సొంతంగా కాంట్రాక్టు పనులు చేసి చూస్తున్నాడు. మెడలో లేని ఐడీ కార్డు కోసం అతని వేళ్లు మాటిమాటికీ వెతుక్కునేవి.

తిరిగి చేరుతాడో, రాజీనామా ఇస్తాడో సాయంత్రంలోగా తెలుపమని ఒకనాడు కంపెనీ అడిగింది. నియమిత వేళలు లేని పని నాకు రుచించదు, అతడు సలహా అడిగితే చేరమనే చెప్పాను.

"చేరితే నిద్ర పడ్తది సార్. కానీ గిప్పుడు చేసే పని నాదనిపిస్తున్నది," అన్నాడు.

అంతలో వీపనగండ్ల నుండి తల్లి ఫోను చేసింది.

"పిల్లనిచ్చేటోళ్లు అడుగుతుండ్రు బిడ్డా. ఏ కంపెనీ అని చెప్పాలె?"

"నా సొంతమే అని చెప్పమ్మా."

"దానికి పేరేంది?"

"నా పేరే."

"నీ పేరు జూసి పిల్లనెవరిస్తరు రా?"

అతడు ఫోను పక్కన పెట్టి, కంప్యూటరులో రాజీనామా రాసి, రెండుసార్లు చదువుకొని పంపాడు. పంపినాక నావైపు తిరిగి నవ్వాడు. చెయ్యి మాత్రం మెడ దగ్గరే ఉంది.